మత్స్యవినోదం – జీవనోపాధి: షార్లెట్ హార్బర్ నదీముఖంలో చేపలవేట చరిత్ర

వ్యాససంగ్రహం

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు నైరుతి తీరంలో ఉన్న షార్లెట్ హార్బర్ జలాలు 1885 నుంచి గాలంతో సాగే వినోద మత్స్యవేటకు ప్రసిద్ధి పొందాయి. అంతకు ముందు అనేక శతాబ్దాలపాటు అవి వలవేటకు ఆధారం. ఒకే నీటిలో ఈ రెండు వేటలు ఎలా కలిసి సాగాయో, చేపపై హక్కు ఒక వర్గం నుంచి మరొక వర్గానికి ఎలా మారిందో, ఆ మార్పులో చట్టం ఏ పాత్ర వహించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వేటగాళ్ళ చేతులను కట్టడి చేయగలిగిన చట్టం నీటి స్థితిని అదే పట్టుదలతో కాపాడలేదని చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: మత్స్యవినోదం, నదీముఖం, మడ అడవులు, టార్పన్, వలల నిషేధం, షార్లెట్ హార్బర్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'వేట' అనే మాటకు రెండు ముఖాలున్నాయి. తీరప్రాంత మత్స్యకారులు సముద్రం మీదికి పోవడాన్ని 'వేటకు వెళ్ళడం' అంటారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు అమలయ్యే విరామాన్ని పత్రికలు 'వేట నిషేధం' అని రాస్తాయి. ఇక్కడ వేట అంటే కూడు. కావ్యాల్లోనూ రాజనీతి గ్రంథాల్లోనూ కనిపించే వేట వేరు. అది రాజుల వినోదం. మితిమీరితే సప్తవ్యసనాల్లో ఒకటి. చేపల విషయానికి వస్తే నేటి తెలుగులో మొదటి అర్థమే స్థిరపడింది. గాలంతో చేపను పట్టి, దాని బలాన్ని చవిచూసి, తిరిగి నీటిలో విడిచిపెట్టే క్రీడకు వాడుకలో నిలిచిన పేరు లేదు.

అయితే ఆ భావన దక్కనుకు కొత్తది కాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధంలో సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో, రాజోచిత వినోదాలను వివరించే భాగంలో, 'మత్స్యవినోదం' అనే ప్రకరణం ఉంది. చేపల రకాలు, వాటికి వేయవలసిన మేత, గాలంతో పట్టే పద్ధతి అందులో వర్ణితమయ్యాయి. నేటి తెలంగాణలోని పలు ప్రాంతాలు ఆ చక్రవర్తుల ఏలుబడిలోనివే. కనుక తెలుగు పాఠకునికి అందుబాటులో ఉన్న ఈ పాత పదాన్నే వినోద మత్స్యవేటకు పర్యాయంగా ఈ వ్యాసంలో గ్రహించడమైనది.

మానసోల్లాసంలోని వినోదం రాజుది. జాలరి బతుకుదెరువుతో దానికి పోటీ ఉన్నట్లు ఆ ప్రకరణం ప్రస్తావించదు. ఆధునిక కాలంలో ఈ రెండూ ఒకే నీటిలో, ఒకే చేప కోసం ఎదురుపడ్డాయి. ఆ ఎదురుపాటు ఆద్యంతాలు స్పష్టంగా కనిపించే చోట్లలో షార్లెట్ హార్బర్ ఒకటి. అక్కడ వలకు రెండువేల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది; గాలపు క్రీడకు నూట నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. చివరికి వలను తొలగించినది ప్రకృతి కాదు, రాజ్యాంగ సవరణ. ఆ నిర్ణయానికి దారితీసిన పరిణామాలను కాలక్రమంలో పరిశీలించడం అవసరం.

2. నదీముఖ స్వరూపం

పీస్, మయాకా నదులు ఉత్తరం నుంచీ, కలూసహాచీ నది తూర్పు నుంచీ వచ్చి మెక్సికో సింధుశాఖలో కలిసే చోట, ఉత్తర అక్షాంశం 26–27 డిగ్రీల మధ్య, ఈ జలభాగం విస్తరించి ఉంది. గాస్పరిల్లా, కాయో కోస్టా, కాప్టివా, శానిబెల్ మొదలైన సన్నని ఇసుకదీవులు దీనికీ సముద్రానికీ నడుమ అడ్డుగోడలా నిలిచాయి. ఈ దీవుల మధ్య ఉన్న మొగల ద్వారా పోటు లోపలికి వస్తుంది, పాటు వెలుపలికి పోతుంది. గాస్పరిల్లా, కాయో కోస్టా దీవుల నడుమ ఉన్న బోకా గ్రాండే మొగ వీటిలో లోతైనది. లోపలి నీరు మాత్రం చాలావరకు మనిషి నిలబడగలిగినంత లోతే. అడుగున సముద్రపు గడ్డి, అంచుల వెంట మడచెట్లు, మధ్యలో ఆలుచిప్పల తిప్పలు ఉంటాయి.

ఉప్పునీరూ మంచినీరూ కలిసే ఈ ప్రాంతం చేపపిల్లలకు పుట్టినిల్లు వంటిది. కోరింగ మడ అడవులను ఎరిగిన తెలుగువారికి ఈ అమరిక సులభంగా బోధపడుతుంది. అక్కడి ముఖ్యమైన చేపలు కూడా తెలుగు తీరానికి పూర్తిగా పరాయివి కావు. వలవేటకు ప్రధానాధారమైన మల్లెట్, తెలుగు తీరంలో కత్తిపరిగ అని పిలిచే చేపే. మడచెట్ల వేళ్ళ మాటున పొంచి ఉండి వేటాడే స్నూక్‌ను, పండుగప్పను చాలాకాలం శాస్త్రజ్ఞులు ఒకే కుటుంబంలో లెక్కించారు. రెండింటిలోనూ చేప మొదట మగదిగా ఉండి, పెరిగిన తరువాత ఆడదిగా మారుతుంది. ఈ జీవలక్షణానికి చట్టచరిత్రలోనూ ప్రాధాన్యం ఏర్పడింది.

గాలపు క్రీడకు ఆరాధ్యమైనది టార్పన్. వెండిరేకుల వంటి పెద్ద పొలుసులు గల ఈ చేప రెండు మీటర్లకు పైగా పెరుగుతుంది. యాభై ఏళ్ళకు పైగా బతుకుతుంది. నీటిపైకి వచ్చి గాలి కూడా పీల్చుకోగలదు. దీని నోరు ఎముకతో గట్టిగా ఉండడం వల్ల ముల్లు దిగడం కష్టం. ముల్లు తగలగానే ఇది నీటిపైకి పలుమార్లు ఎగిరిదూకుతుంది. వసంతకాలం చివర, వేసవిలో, సముద్రంలో గుడ్లు పెట్టడానికి ముందు ఇవి బోకా గ్రాండే మొగలో గుంపులు కడతాయి. మాంసం ఎముకలమయం కావడంతో ఆ తీరంలో దీనికి ఆహారంగా విలువ లేదు. అంగడిలో విలువలేని చేపే క్రీడలో అత్యంత విలువైనది కావడం ఈ చరిత్రకు కీలకం.

3. వలల యుగం

ఈ తీరానికి మొదటి యజమానులు కలూసా జాతివారు. వ్యవసాయం లేకుండా, ప్రధానంగా చేపల మీదనే ఆధారపడి, రాజు, సామంతులు, కప్పం గల రాజ్యవ్యవస్థను వారు నిర్మించుకున్నారు. రాజ్యానికి ధాన్యపు మిగులు తప్పనిసరి అన్న సాధారణ సిద్ధాంతానికి వీరి చరిత్ర అపవాదం కనుక మానవశాస్త్రజ్ఞులు దీనిని ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. వారి రాజధానిగా గుర్తించిన మౌండ్ కీ దీవి, పైన్ ఐలండ్‌లోని పైన్‌లాండ్ దిబ్బలు శతాబ్దాలపాటు పోగుపడిన గుల్లలతో ఏర్పడినవి. పట్టిన చేపలను సజీవంగా నిలవ ఉంచడానికి గుల్లలతో కట్టలు కట్టిన నీటిమడుగుల ఆనవాళ్ళు మౌండ్ కీలో బయటపడ్డాయి. దక్షిణాన ఉన్న కీ మార్కోలో 1896లో ఫ్రాంక్ హామిల్టన్ కుషింగ్ జరిపిన తవ్వకాల్లో బురదలో చెడకుండా నిలిచిన వలత్రాళ్ళు, చెక్క తేలుబిళ్ళలు, గుల్ల బరువులు దొరికాయి. అంటే, లోహం ఎరుగని ఆ సమాజానికి వల నిర్మాణం సంపూర్ణంగా తెలుసు.

1513లో స్పెయిన్ నావికుడు పోన్స్ దె లియోన్ వీరిని ఎదుర్కొన్నాడు. 1521లో తిరిగి వచ్చి వీరితో జరిగిన పోరులో గాయపడి, క్యూబాలో మరణించాడు. 1566లో మెనెండెస్ కలూసా రాజుతో సంధి కుదుర్చుకున్నా అది నిలవలేదు. రోగాలు, ఉత్తరాది దాడులు కలిసి 18వ శతాబ్ది మధ్యకాలానికి ఆ రాజ్యాన్ని నామరూపాలు లేకుండా చేశాయి.

ఖాళీ అయిన దీవులపై హవానా నుంచి వచ్చిన జాలర్లు విడిదులు వేసుకున్నారు. చలికాలంలో గుడ్లతో నిండి సముద్రానికి బయలుదేరే మల్లెట్ గుంపులను పెద్ద వలలతో చుట్టి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, క్యూబా అంగళ్ళకు పంపడం వారి వృత్తి. స్థానిక ఆదివాసులు వారితో కలిసి పనిచేశారు, వియ్యమందారు, ఒక మిశ్రమ సమాజంగా స్థిరపడ్డారు. 1835లో మొదలైన రెండవ సెమినోల్ యుద్ధం ఈ సమాజాన్ని చెదరగొట్టింది. వారిలో చాలామందిని 'ఇండియన్లు'గా ముద్రవేసి పడమటి భూములకు తరలించారు. ఈ నీటిపై వలవేటగాళ్ళ హక్కును రాజ్యం కాదన్న మొదటి సందర్భంగా దీనిని గుర్తించవచ్చు.

మూడవ దశ రైలుతో మొదలైంది. 1886లో పుంటా గోర్డాకు రైలుమార్గం వచ్చింది. ఉప్పుచేప స్థానంలో మంచుగడ్డల్లో పెట్టిన పచ్చిచేప ఉత్తరాది నగరాలకు పోసాగింది. 1897లో స్థాపితమైన పుంటా గోర్డా ఫిష్ కంపెనీ లోతు తక్కువ నీటిలో కొయ్య స్తంభాలపై చిన్న గదులు కట్టించింది. కంపెనీ పడవ మంచుగడ్డలను తెచ్చి అక్కడ దించేది. జాలర్లు తెచ్చిన చేపలను ఎక్కించుకుపోయేది. పైన్ ఐలండ్ సౌండ్‌లో 1920ల నాటి ఇటువంటి కట్టడాలు కొన్ని ఇటీవలి దాకా నిలిచి ఉన్నాయి.

4. గాలం ప్రవేశం: 1885

రైలు చేపలను ఉత్తరానికి తీసుకుపోయినట్లే ధనికులను దక్షిణానికి తెచ్చింది. అయితే రైలుకు ఒక ఏడాది ముందే, 1885 మార్చిలో, న్యూయార్క్ వాసి డబ్ల్యూ. హెచ్. వుడ్ శానిబెల్ దీవి ఒడిలోని టార్పన్ బేలో 93 పౌండ్ల టార్పన్‌ను గాలపు బెత్తంతో, చుట్టుగిలకతో పట్టాడు. గాలానికి చిక్కిన మొదటి టార్పన్ ఇదేనా అన్న విషయంలో వాదాలున్నాయి. కాని దేశవ్యాప్తంగా ప్రచారం పొందినదీ, ఒక క్రీడకు నాంది పలికినదీ ఇదే.

అంతవరకు టార్పన్‌ను బల్లెంతో పొడిచి పట్టేవారే ఎక్కువ. గాలానికి అది లొంగదని సాధారణ విశ్వాసం. వుడ్ విజయానికి మూలం బలం కాదు, నిరీక్షణ. ఎముక నోటిలో ముల్లు దిగదు కనుక తాడును వదులుగా విడిచి, చేప ఎరను పూర్తిగా మింగేదాకా ఆగి, అప్పుడు బిగించడం అతని పద్ధతి. అతను ఎరగా వాడినది మల్లెట్ ముక్క. వలవేటగాళ్ళకు అన్నమైన చేప గాలపువేటకు ఎర అయింది. ఈ రెండు వేటల సంబంధం మొదటి రోజునుంచే ఇలా ముడిపడి ఉంది.

ఆ తరువాత పాతికేళ్ళలో ఈ తీరం చలికాలపు విలాసస్థలంగా మారింది. పుంటా రస్సాలో తంతి కార్యాలయపు అధికారి నడిపిన టార్పన్ హౌస్ అనే బస క్రీడాకారులకు కూడలి అయింది. అదే 1885లో ఈ ప్రాంతానికి వచ్చిన థామస్ ఎడిసన్ ఫోర్ట్ మైయర్స్‌లో స్థలం కొన్నాడు. 1911లో ప్రకటనల వ్యాపారి బారన్ కాలియర్ యూసెప్పా దీవిని కొని, అక్కడ ఐజాక్ వాల్టన్ క్లబ్బును నెలకొల్పాడు. గాస్పరిల్లా దీవిలో పెద్ద హోటలు వెలసింది. ఆ దీవికి 1907లో రైలు వేసినది మాత్రం క్రీడాకారుల కోసం కాదు. పీస్ నది లోయలో తవ్విన ఫాస్ఫేటును ఓడలకెక్కించడానికి. నదీముఖానికి ఎగువ జరుగుతున్న పనులు నదీముఖం దాకా వస్తాయనడానికి ఇది తొలి సూచన.

దారి చూపడానికి, పడవ నడపడానికి, పోటుపాటులు లెక్కకట్టడానికి అతిథులకు స్థానికుల అవసరం కలిగింది. చలికాలంలో మల్లెట్ వలలు వేసే కుటుంబాల్లోనివారే టార్పన్ కాలంలో గైడ్లుగా పనిచేసేవారు. అందువల్ల సుమారు డెబ్బై ఏళ్ళపాటు వలకూ గాలానికీ మధ్య వైరం తీవ్రరూపం దాల్చలేదు. రెండూ ఒకే ఇంటి రాబడిలో భాగాలు. రెండింటికీ ఆధారం ఒకే జ్ఞానం. ఏ తిప్ప వెనుక నీరు ఎప్పుడు తిరుగుతుందో ఎరిగినవాడు రెండు వేటలకూ పనికివస్తాడు.

5. చంపడం నుంచి విడిచిపెట్టడం దాకా

తొలితరం మత్స్యవినోదంలో దయకు చోటు లేదు. పట్టిన టార్పన్‌ను కొయ్యకు వేలాడదీసి, పక్కన నిలబడి ఛాయాచిత్రం తీయించుకోవడం ఆచారం. ఒక పొలుసు పీకి దానిపై పేరు, తేదీ, బరువు రాసి హోటలు గోడకు తగిలించేవారు. తరువాత ఆ కళేబరాన్ని నీటిలోనే పారవేసేవారు. జీవనోపాధి వేటలో చేపను చంపడానికి ప్రయోజనం ఉంది. ఇక్కడ చంపడం పట్టినట్లు రుజువు కోసం మాత్రమే.

ఈ రుజువు రూపం మెల్లగా మారింది. 1939లో అంతర్జాతీయ క్రీడామత్స్య సంఘం ఏర్పడి, తాడు బలాన్ని బట్టి రికార్డులను వర్గీకరించింది. సన్నని తాడుతో పెద్ద చేపను పట్టడం ఘనత అయింది. పరిమాణం నుంచి పద్ధతికి గౌరవం మారడంతో చేపను ఇంటికి తేవలసిన అవసరం తగ్గింది. ఫ్లోరిడాలో 1980ల చివర టార్పన్‌ను ఉంచుకోదలచినవారు 50 డాలర్ల అనుమతిచీటీ కొనాలన్న నియమం వచ్చాక చంపేవారి సంఖ్య బాగా పడిపోయింది. 2013 నుంచి, రికార్డు కోసం చీటీ తీసుకున్న సందర్భంలో తప్ప, పట్టిన టార్పన్‌ను విడిచిపెట్టడం తప్పనిసరి.

ఈ మార్పును కేవలం కారుణ్యంగా భావించడం సరికాదు. దీనికి ఆర్థిక పార్శ్వం కూడా ఉంది. విడిచిన చేపను మళ్ళీ పట్టవచ్చు. బస, పడవ, గైడు, సామగ్రి ద్వారా బతికి ఉన్న ఒక చేప తీరప్రాంతానికి పలుమార్లు రాబడి తెస్తుంది. అంగడికి పోయిన చేప ఒక్కసారే ధర పలుకుతుంది. ఈ లెక్క బలపడిన కొద్దీ, చేపను తినేవాడికన్నా, అమ్మేవాడికన్నా, విడిచేవాడే దాని సంరక్షకుడన్న వాదం బలపడింది. విడిచిన చేపల్లో కొన్ని అలసట వల్లనో, సొరచేపల వాత పడో మరణిస్తాయన్న వాస్తవం ఆ వాదంలో వెనుకబడింది.

6. చట్టం ఎవరి పక్షం?

ఈ వాదం చట్టరూపం దాల్చడం 1957లో స్నూక్‌తో మొదలైంది. ఆ ఏడాది ఫ్లోరిడా ప్రభుత్వం స్నూక్ అమ్మకాన్ని నిషేధించి దానిని క్రీడామత్స్యంగా ప్రకటించింది. చేపను పట్టవచ్చు, వండుకోవచ్చు, అమ్మరాదు. తరువాతి కాలంలో కనిష్ఠ, గరిష్ఠ పొడవుల నియమం వచ్చింది. సింధుశాఖ తీరంలో 28–33 అంగుళాల మధ్య ఉన్న ఒక్క చేపను మాత్రమే, అదీ అనుమతించిన కాలంలోనే, ఉంచుకోవచ్చు. పెద్ద స్నూక్‌లలో అధికభాగం ఆడవి కనుక గరిష్ఠ పరిమితి గుడ్లుపెట్టే చేపలను కాపాడుతుంది. చిన్నచేపను మాత్రమే విడిచే పాత అలవాటుకు ఇది సంస్కరణ. జీవశాస్త్రం చట్టానికి తోడ్పడిన మంచి ఉదాహరణ.

రెండవ మెట్టు రెడ్‌ఫిష్. 1980ల్లో లూయిజియానా వంటగాడు పాల్ ప్రుధోమ్ మసాలా పట్టించి మాడ్చి వండిన రెడ్‌ఫిష్ వంటకం దేశమంతటా ప్రచారం పొందింది. సింధుశాఖలోని పెద్ద చేపల గుంపులపై వలలు విరుచుకుపడ్డాయి. ఆ దశాబ్దం ముగిసేనాటికి ఫ్లోరిడాలో ఈ చేప అమ్మకం కూడా ఆగిపోయింది. 1990 నుంచి ఉప్పునీటి గాలపువేటకు రాష్ట్రం లైసెన్సు ప్రవేశపెట్టింది. రుసుము చెల్లించేవారిగా క్రీడాకారులు ఒక సంఘటిత వర్గం అయ్యారు.

మూడవ మెట్టు అన్నిటికన్నా పెద్దది. ఆసియా విపణిలో మల్లెట్ గుడ్లకు గిరాకీ పెరగడంతో 1980ల్లో చలికాలపు వలవేట ముమ్మరమైంది. క్రీడాసంఘాలు, క్రీడాపత్రికలు కలిసి సంతకాలు సేకరించి, వలల నిషేధాన్ని రాష్ట్ర రాజ్యాంగ సవరణగా ప్రజల ముందుంచాయి. 1994 నవంబరు 8న జరిగిన ఓటింగులో సుమారు 72 శాతం దానిని సమర్థించారు. 1995 జూలై 1 నుంచి రాష్ట్ర జలాల్లో చేపల మొప్పలు చిక్కుకొనే వలలన్నీ నిషిద్ధమయ్యాయి. తీరానికి దగ్గరి నీటిలో ఇతర వలలకు 500 చదరపు అడుగుల పరిమితి వచ్చింది. విసురువల మిగిలింది.

ఉభయపక్షాల వాదాల్లోనూ కొంత సత్యం ఉంది. వలలో చిక్కిన తాబేళ్ళు, డాల్ఫిన్లు, అక్కరలేని చేపపిల్లలు వృథాగా చస్తున్నాయని క్రీడాకారులు చూపారు. చేపలు తగ్గడానికి వల ఒక్కటే కారణం కాదనీ, మడచెట్లు నరికి ఇళ్ళు కట్టినవారిని ఎవరూ ప్రశ్నించడం లేదనీ జాలర్లు వాదించారు. అయితే ఓటువేసినవారిలో అత్యధికులు ఈ రెండు వర్గాలకూ చెందనివారు. నిపుణుల సంఘం కాలానుగుణంగా సవరించదగిన నియమాలకు బదులు, సవరించడం దుష్కరమైన రాజ్యాంగ నిబంధన వచ్చింది. ఏ ఋతువులో, ఎంత వేట అన్న ప్రశ్న మాయమై, ఏ సాధనం ఎవరి చేతిలో అన్న ప్రశ్న మిగిలింది. ఈ భేదం ముఖ్యమైనది. తెలుగు తీరంలోని 61 రోజుల విరామం కాలాన్ని నిషేధిస్తుంది. విరామం ముగిశాక జాలరి జాలరిగానే ఉంటాడు. ఫ్లోరిడా సవరణ సాధనాన్ని నిషేధించింది. దానితో ఒక వృత్తి తరతరాల కొనసాగింపు తెగిపోయింది.

పైన్ ఐలండ్ జాలరి కుటుంబాల్లో కొందరు పీతలవేటకు, కొందరు విసురువలకు, కొందరు పూర్తిగా గైడు వృత్తికి మళ్ళారు. ప్రభుత్వం కొంత సొమ్ము చెల్లించి పాత వలలను తీసుకుంది. వల అనే పదానికి చట్టంలో నిర్వచనం ఏమిటన్న వ్యాజ్యాలు ఏళ్ళ తరబడి సాగాయి. నీటిపై నిలిచిన పాత చేపల గదులు సెలవురోజుల విడిదులయ్యాయి. చారిత్రక కట్టడాలుగా గుర్తింపు కూడా పొందాయి. 

7. వినోదంలోని అంతర్భేదాలు

వల తొలగిపోయాక వివాదం గాలపువేటగాళ్ళ మధ్యకే వచ్చింది. బోకా గ్రాండే మొగలో సంప్రదాయ గైడ్లు పాటునీటి వెంట పడవలను వదిలి, పీత వంటి సజీవమైన ఎరతో టార్పన్‌ను పట్టేవారు. తరువాత వచ్చిన పోటీల పడవలు ముల్లు అడుగున బరువు కట్టిన ప్రత్యేకమైన గాలాన్ని వాడాయి. చేప ఎరను కోరి తినడం లేదనీ, గుంపులోకి దింపిన ముల్లు దాని ఒంటికి తగులుకుంటోందనీ పాత గైడ్లు ఆక్షేపించారు. పోటీదారులు ఆ ఆక్షేపణను అంగీకరించలేదు. 2013లో రాష్ట్ర వన్యప్రాణి సంస్థ ఆ రకం గాలాన్ని ఆ మొగలో నిషేధించింది.

ఇందులో ఇమిడి ఉన్న ప్రశ్న చేపల సంఖ్యకు సంబంధించినది మాత్రమే కాదు; క్రీడాధర్మానిది. చేప తన ఇచ్ఛతో ఎర అందుకుంటేనే అది వినోదం, లేకుంటే దౌర్జన్యం అన్న భేదం ఇక్కడ చట్టబద్ధమైంది. చేపను మేతకు రప్పించి పట్టడాన్ని వివరించిన మత్స్యవినోద ప్రకరణానికి ఈ భావన మరీ దూరమైనది కాదు. రెండుచోట్లా వినోదానికి విధి ఉంది. విధిలేని చోట అది వ్యసనమవుతుంది. అయితే 1994లో జాలరుల విషయంలో సాధనాన్ని బట్టి తీర్పుచెప్పినవారే, రెండు దశాబ్దాల తరువాత తమలో తాము సాధనాన్ని గురించి వాదించుకోవలసి రావడం గమనార్హం.

8. నీటి ప్రశ్న

1957లో స్నూక్‌ను అంగడి నుంచి కాపాడుతూ శాసనం వచ్చింది. అదే ఏడాది కలూసహాచీ ముఖం దగ్గర రెడ్‌ఫిష్ పాయింట్ అనే భూభాగాన్ని రోసెన్ సోదరులు కొన్నారు. అక్కడ వెలసిన కేప్ కోరల్ పట్టణం కోసం తవ్విన కాలువల మొత్తం పొడవు 400 మైళ్ళు, అంటే సుమారు 640 కిలోమీటర్లు, దాటుతుంది. ప్రతి ఇంటి వెనుకా నీరు, పడవ, గాలం ఉండాలన్నది ఆ పట్టణపు ఆకర్షణ. ఆ తవ్వకాల్లో తీరం వెంబడి మడ అడవులు విస్తారంగా నశించాయి. స్నూక్ పిల్లలు పెరిగేది ఆ మడచెట్ల నీడలోనే. చేపను అమ్మరాదన్న చట్టం, చేపపిల్ల ఇంటిని అమ్మకానికి పెట్టడాన్ని ఆపలేదు. చేపను కోరి వచ్చిన వినోదమే అక్కడి భూమికి ధర పెంచిన కారణాల్లో ఒకటి.

రెండవ మార్పు ఇంకా పాతది. 1880ల ఆరంభంలో హామిల్టన్ డిస్టన్ చిత్తడినేలలను ఆరబెట్టే పథకంలో భాగంగా కలూసహాచీ నదిని ఓకిచోబీ సరస్సుతో కలిపాడు. తరువాత ఆ నదిని నిటారుగా తవ్వి, గేట్లు కట్టారు. సరస్సు నిండినప్పుడు పొలాల ఎరువులతో కూడిన మంచినీరు ఒక్కసారిగా నదీముఖంలోకి వస్తుంది. ఎండకాలంలో అవసరమైనంత నీరు రాదు. ఉప్పదనం ఇలా హెచ్చుతగ్గులకు లోనైతే సముద్రపు గడ్డి, ఆలుచిప్పలు నిలవవు.

మూడవది ఎర్రపోటు. కరీనియా బ్రెవిస్ అనే సూక్ష్మజీవి విపరీతంగా పెరిగినప్పుడు నీరు రంగుమారి చేపలు చస్తాయి. ఇది సింధుశాఖలో ప్రాచీనకాలం నుంచీ ఉన్నదే. తీరానికి చేరాక భూమి నుంచి వచ్చే పోషకాలు దానిని పొడిగించగలవు. 2017 చివర మొదలైన ఎర్రపోటు 2019 ఆరంభం దాకా నిలిచింది. 2018 వేసవిలో శానిబెల్ ఒడ్డున టార్పన్లు, స్నూక్‌లు, తాబేళ్ళు, సముద్రపు ఆవులు కుప్పలుగా కొట్టుకువచ్చాయి. ఆ ఆగస్టులో రాష్ట్రం అత్యవసర పరిస్థితి ప్రకటించి, స్నూక్, రెడ్‌ఫిష్‌లను పట్టినా విడిచిపెట్టి తీరాలని ఆదేశించింది. వలలు లేకుండాపోయి అప్పటికి 23 ఏళ్ళు. నీరు చెడినప్పుడు వేటగాడికి పెట్టిన నియమం ఉపశమనమే తప్ప చికిత్స కాదని ఆ వేసవి రుజువు చేసింది.

జాలర్లు 1994లో చేసిన వాదం ఈ వెలుగులో మళ్ళీ పరిశీలించదగినది. వల నిర్దోషి అని దీని అర్థం కాదు. నిషేధం తరువాత మల్లెట్ నిల్వలు కోలుకున్నాయి. కాని చేపల క్షీణతకు గల అనేక కారణాల్లో, ఓటుబలం, ధనబలం తక్కువ ఉన్నవారి చేతిలోని కారణమే అన్నిటికన్నా ముందుగా, అన్నిటికన్నా పూర్తిగా తొలగింది. గేట్లు, కాలువలు, ఎరువులు అనే కారణాలకు యజమానులు అనేకులు, బలవంతులు. వాటిపై చర్చలు నేటికీ సాగుతున్నాయి.

ఇక్కడ మత్స్యవినోదం పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. నీటి కోసం నేడు పోరాడుతున్నవారిలో గాలపు గైడ్లు ముందున్నారు. 2016లోనూ 2018లోనూ సరస్సు నీటి విడుదలపై గొంతెత్తినవారిలో వారు ముఖ్యులు. రోజూ నీటిపై గడిపేవారు కనుక గడ్డి చచ్చినా, నీరు రంగుమారినా మొదట గుర్తించేది వారే. ఆ స్థానంలో ఒకప్పుడు వలవేటగాళ్ళు కూడా ఉండేవారు. నీటిని ఎరిగినవారి సంఖ్య సగమైన తరువాత ఆ నీటి కోసం పోరాటం మొదలు కావడం ఈ చరిత్రలోని విషాదం.

9. ముగింపు

షార్లెట్ హార్బర్ చరిత్రలో చేపపై హక్కు నాలుగుసార్లు చేతులు మారింది: కలూసాల నుంచి క్యూబా జాలర్లకు, వారి నుంచి మంచుగడ్డల వ్యాపారానికి, అక్కడి నుంచి గాలపు క్రీడాకారులకు, చివరికి చేపను విడిచిపెట్టమనే చట్టానికి. మొదటి మూడు దశల్లో చేప ఆహారంగానో సరుకుగానో ప్రత్యర్థిగానో ఉంది. నాలుగవ దశలో అది సంరక్షణీయ సంపద అయింది. ఇది నిస్సందేహంగా పురోగతి. అయితే ఆ పురోగతికి మూల్యం చెల్లించినది ప్రధానంగా ఒకే వర్గం.

మత్స్యవినోదానికీ జీవనోపాధికీ సహజవైరం లేదని ఆ తీరపు గైడు కుటుంబాల తొలి డెబ్బై ఏళ్ళ చరిత్ర తెలుపుతోంది. ఉభయులకూ సమానమైన ఆస్తి నీరు. దానిని గురించి ఉమ్మడిగా మాట్లాడవలసిన ఇరువర్గాలూ చేపను గురించి వాదులాడుకున్న కాలంలోనే మడచెట్లు తగ్గాయి, నది దిశ మారింది. నదీముఖాలపై ఆధారపడిన ఏ సమాజమైనా, గోదావరి, కృష్ణా ముఖాల్లోని మత్స్యకార గ్రామాలతో సహా, ఈ క్రమాన్ని గ్రహించడం ప్రయోజనకరం. సాధనాన్ని నియంత్రించే ముందు నీటిని పరిశీలించాలి. నీటిని పరిశీలించే వేదికపై వేటనే కూడుగా నమ్ముకున్నవారికి చోటుండాలి. 'వేట' అన్న ఒకే మాటలో రెండు అర్థాలను కలిపి నిలుపుకున్న తెలుగు భాష ఈ చర్చకు అనువైన భూమికను ఇస్తోంది.